చార్లెస్ రాజుగారి ఒడికుక్కలు

ఒడిలో పెట్టుకొని పెంచుకొను చిన్నజాతి కుక్కలను గూర్చి మాకు వచ్చుచున్న జాబులన్నియు ఇంచుమించుగా ఒక్క ప్రశ్ననే అడుగుచున్నవి: ఎవరి యింటను లేని అరుదైన జాతి ఏది, అది పిల్లలున్న యింట ఇముడునా? ఈ ప్రశ్నలో రెండవ సగము మంచిది. మొదటి సగమును గూర్చియే మేము కొంత చెప్పవలసియున్నది.

అరుదైన జాతి యనగా ఆ జాతి కుక్కలు లోకమున కొలదిగా ఉన్నవని అర్థము. కొలదిగా ఉన్నప్పుడు వాని పిల్లలకు సంబంధములు ఆ నాలుగు కుటుంబములలోనే చూడవలసివచ్చును. తరతరములుగా మేనరికము మీద మేనరికము చేసిన యిండ్లలో పెద్దలకు ఏ భయము ఉండునో ఆ భయమే ఇక్కడను ఉన్నది. కాని కుక్కలకు జత కుదుర్చువారు తరచుగా ముక్కు తీరును, చెవుల వెండ్రుకలను చూతురే గాని, దాని తాత ఏ జబ్బుతో పోయెనని విచారింపరు. ఇంగ్లండు దేశపు ఒడికుక్కల జాతి యొకదాని చరిత్రను చూచినచో ఈ మాట తేటపడును. ఆ జాతి పేరు కింగ్ చార్లెస్ స్పానియల్. దానికి తోబుట్టువు వంటిది కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. ఈ రెండవదానిని మన పట్టణములలోను అమ్మకమునకు చూపుచున్నారు గనుక, మా సోదరీమణులు ఈ చరిత్రను తెలిసికొనుట అవసరము.

రెండవ చార్లెస్ రాజు 1660 మొదలు 1685 వరకు ఇంగ్లండును ఏలెను. ఆయనకు ఈ చిన్న స్పానియళ్లపై గల మక్కువ కల్పితగాథ కాదు. ఆ కాలమువారే తమ దినచర్యలలో వ్రాసిపెట్టిరి. శామ్యూల్ పీప్స్ అను ఉద్యోగి, రాజు ఆలోచనసభలో రాచకార్యము విడిచి కుక్కతో ఆడుకొనుచుండుటను 1667 లో చూచి విసుగుకొనెను. జాన్ ఈవిలిన్ అను మరియొకరు, రాజుగారి పడకగదిలోనే కుక్కలు ఈని పిల్లలకు పాలిచ్చుచుండెననియు, అందువలన నగరంతయు కంపుకొట్టుచుండెననియు వ్రాసెను. ఈ సంగతి చదివినప్పుడు మాకు ఆ గదులను ఊడ్చి కడిగిన దాసీలమీద జాలి కలిగినది.

ఆ నాటి చిత్రపటములలోని కుక్కలకు ముక్కు కొంత పొడవుగా, తల చదునుగా ఉండును. విక్టోరియా రాణి బాల్యమున పెంచుకొన్న డాష్ అను కుక్కయు ఇట్టి స్పానియలే. 1838 జూన్ 28 వ తేదీని ఆమెకు పట్టాభిషేకము జరిగెను. అప్పటికి ఆమె వయస్సు 19 ఏండ్లు. కిరీటము దించి, ఉత్సవవస్త్రములు విడిచి, ఆ సాయంకాలము ఆమె డాష్‌కు నీళ్లు పోసెనని చెప్పుదురు. లాండ్‌సీర్ అను ప్రసిద్ధ చిత్రకారుడు వ్రాసిన డాష్ పటము నేటికిని ఉన్నది. అందులో కుక్కకు ముక్కు ముక్కుగానే ఉన్నది.

తరువాత ఫ్యాషను మారినది. గుండ్రని తల, పెద్ద కన్నులు, లోపలికి అణగిన ముక్కు కలిగి పసిబిడ్డ మొగమును జ్ఞప్తికి తెచ్చు కుక్కలను జనులు కోరసాగిరి. పగ్ జాతితోను, తూర్పుదేశముల చిన్నకుక్కలతోను కలుపుటచేత ఈ రూపము వచ్చినదని కొందరందురు. ఎట్లు వచ్చినను, పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి పాత ముక్కు ప్రదర్శనములనుండి తొలగిపోయెను. నాలుగు రంగుల కుక్కలకు నాలుగు వేరు పేర్లుండగా, 1903 ప్రాంతమున ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్బువారు అన్నిటిని కలిపి టాయ్ స్పానియల్ అను పేరు పెట్టబోయిరి. అప్పుడు ఏడవ ఎడ్వర్డు రాజు కలుగజేసికొనుటచేత కింగ్ చార్లెస్ అను పేరు నిలిచినది. పేరు రాజుగారిదే నిలిచెను గాని ముక్కు మాత్రము రాజుగారి కుక్కలది కాదు.

ఇక్కడ అమెరికా దేశస్థుడైన రాస్వెల్ ఎల్డ్రిడ్జ్ అను ఆయన ప్రవేశించెను. పటములలోని పొడుగుముక్కు కుక్కను కొనవలెనని ఆయన ఇంగ్లండుకు వచ్చి వెదకి, దొరకక ఆశ్చర్యపడెను. 1926 లో క్రఫ్ట్స్ అను గొప్ప కుక్కల ప్రదర్శనమున, పాత రూపముగల మగదానికి ఒకటి, ఆడుదానికి ఒకటి, 25 పౌనుల చొప్పున బహుమతులు ఇచ్చెదనని ప్రకటించెను. ముందు పలువురు నవ్విరి. తాము తరతరములుగా కష్టపడి పోగొట్టిన ముక్కును తిరిగి తెమ్మని అడుగుటకు ధనమిచ్చువాడున్నాడా అనిరి. అయినను కొన్ని సంవత్సరములలోనే ఫలము కనబడెను. 1928 లో ఆన్స్ సన్ అను కుక్క ఆ బహుమతిని గెలిచెను. దానినే మాదిరిగా పెట్టుకొని, ఆ ప్రదర్శనము జరుగుచుండగనే కవలియర్ పేరున ఒక సంఘము ఏర్పడెను. పాపము, ఎల్డ్రిడ్జ్ దీనిని చూడలేదు. ప్రదర్శనమునకు ఇంచుమించు ఒక నెల ముందే మరణించెను.

సంఘమును నిలబెట్టినది శ్రీమతి ఏమిస్ పిట్ అను వనిత. కుక్క యొక్క వెండ్రుకలను కత్తిరించి తీర్చరాదు, ఫ్యాషను కొరకు దాని ఆకారమును మలచరాదు అని వారు మొదటనే కట్టుబాటు చేసికొనిరి. ఇది మాకు ఎంతయు మెచ్చదగినదిగా తోచుచున్నది. అయితే చేతనున్న కుక్కలు కొలది. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. తిండి చాలక పెంపకగృహములు మూతపడెను. ఏమిస్ పిట్ గారి కుక్కలలోనే మిగిలినవి అతి స్వల్పము. 1945 లో కెన్నెల్ క్లబ్బువారు కవలియర్‌ను వేరు జాతిగా అంగీకరించిరి. అప్పటికి వ్రేళ్లమీద లెక్కింపదగిన కుక్కలే తరువాతి లక్షలాది కుక్కలకు మూలపురుషులు, మూలమాతలు అయినవి. 1973 లో ఒక కవలియర్ క్రఫ్ట్స్ ప్రదర్శనమున సర్వోత్తమ బహుమతిని పొందగానే, దాని పేరు ఇంటింటను మారుమ్రోగెను.

నేటి స్థితి తలక్రిందులైనది. నాడు వెదకినను దొరకని పొడుగుముక్కు కుక్క నేడు పలుదేశములలో సర్వసాధారణము. నాడు రాణించిన పొట్టిముక్కు కింగ్ చార్లెస్, సంవత్సరమునకు 300 పిల్లలైనను నమోదు కాని స్వదేశజాతుల పట్టికలో చేరి, అంతరించునేమో అను భయమున నున్నది. అరుదుతనము కుక్కలో లేదు, చూచు కాలములో ఉన్నది. దానిని చూచి ధర చెల్లించువారు దేనికి చెల్లించుచున్నారో ఆలోచింపవలెను.

ఇక ఆ కొలది మూలకుటుంబముల వలన కలిగిన ఫలమును చెప్పెదము. కవలియర్ కుక్కకు గుండెయే శత్రువు. గుండెలో ఎడమవైపున పై గదికిని క్రింది గదికిని నడుమ ఒక కవాటము కలదు. రక్తము ముందుకే పోవలెను గాని వెనుకకు రాగూడదని అది తలుపువలె మూసికొనుచుండును. ఈ జాతిలో ఆ తలుపు రెక్కలు చిన్నవయస్సుననే మందమై, ముడుతలు పడి, సరిగా మూసికొనవు. రక్తము కొంత వెనుకకు పారును. పశువైద్యుడు స్టెతస్కోపు పెట్టినచో, శుభ్రమైన రెండు చప్పుళ్ల నడుమ బుస్సుమను ధ్వని వినబడును. అయిదేండ్లు నిండునప్పటికి ఇంచుమించు సగము కవలియర్లలో ఈ ధ్వని వినబడునని పండితులు చెప్పుచున్నారు. పదియేండ్లు దాటినవానిలో దాదాపు అన్నింటికిని ఉండును. ఏండ్లు గడచిన కొలది గుండె పెద్దదై, ఊపిరితిత్తులలో నీరు చేరి, కుక్క దగ్గుచు ఆయాసపడును. 2021 లో స్వీడన్ పండితులు ఎనిమిది జాతుల కుక్కల వంశబీజములను పోల్చి చూచి, హానికరమైన మార్పులు అన్నిటికంటె ఎక్కువగా పేరుకొన్నది కవలియర్లలోనేయని వెల్లడించిరి.

రెండవ బాధ తలలోనిది. పుఱ్ఱె వెనుకభాగము చాలనంత చిన్నదగుటచేత మెదడు ఇరుకున పడి, వెన్నుపాములో నీటిగుల్లలు ఏర్పడును. అట్టి కుక్క నడుచుచు నడుచుచు ఆగి, మెడప్రక్కను గోకికొనబోయినట్లు కాలితో గాలిని గోకును, చర్మమును తాకదు. మెడపట్టీ కట్టినచో ఏడ్చును. తెలియనివారు గజ్జియనుకొని మందు పూయుచుందురు. బాధ లోపలనున్నది; ఎం.ఆర్.ఐ. పరీక్షలో గాని నిశ్చయముగా తేలదు.

ఈ కారణముల చేతనే నార్వే దేశమున జంతుసంరక్షణ సంఘమువారు న్యాయస్థానమునకు పోయిరి. 2022 జనవరిలో ఆస్లో న్యాయస్థానమువారు, అప్పుడు జరుగుచున్న తీరున కవలియర్లను ఈనించుట ఆ దేశపు జంతుక్షేమ శాసనమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. 2023 అక్టోబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానమువారును దానిని స్థిరపరచిరి. ఇతర జాతులతో కలిపి, రోగము తగ్గునట్లు శాస్త్రీయముగా ఈనించుటకు మాత్రము అడ్డులేదు. డెన్మార్కువారి పద్ధతి వేరు. అక్కడి సంఘము, గుండె పరీక్ష చేయింపనిదే ఏ కవలియర్‌ను జతకు అనుమతింపరాదని నిర్బంధము చేసినది. పది సంవత్సరములు తిరుగకముందే గుండెజబ్బు గణనీయముగా తగ్గినట్లు 2016 లో ప్రచురితమైన పరిశోధన చూపినది. కావున ఇది దైవికమని చేతులు ముడుచుకొని కూర్చుండదగిన దోషము కాదు. పెంచువారు పూనుకొనినచో తగ్గును. వారు పూనుకొనుట కొనువారు అడుగు ప్రశ్నలను బట్టి యుండును.

ఏమి అడుగవలెను? మొదట, తల్లిని చూపుమనవలెను. తల్లిని చూపక, వేరే ఊరిలో ఉన్నదనియో, ఫోనులో బొమ్మ పంపెదననియో చెప్పువానివద్ద ఆ మాటతోనే బేరము ముగింపవలెను. తల్లిదండ్రుల గుండె పరీక్ష కాగితములు చూడవలెను. పశువైద్యుడు విని వ్రాసినదైనను మేలే. ధ్వనితరంగములతో చూచు ఎకో పరీక్ష యున్నచో మరియు మేలు. తల్లిదండ్రులకు రెండున్నరయేండ్లు నిండిన తరువాతనే జత కట్టించిరా, అమ్మమ్మతాతలు, నాయనమ్మతాతలు అయిదేండ్లు నిండునప్పటికి గుండెధ్వని లేకుండ ఉండిరా అని అడుగవలెను. పిల్లనిచ్చునింటి ఏడుతరములను విచారించు మన పెద్దలకు ఈ విచారణ కొత్త కాదు. మన దేశమున 2017 లో వచ్చిన నియమముల ప్రకారము, ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. కుక్కలను ఈనించి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావలెను. ఆ నమోదు పత్రమును అడుగుటకు మొగమాటపడకుడు. నెల పిల్లను బుట్టలో పెట్టి తెచ్చి "అమ్మా, ఇంత చిన్నది మరి దొరకదు" అనువాడు, తల్లిపాలు విడువని బిడ్డను అమ్ముచున్నాడని గ్రహింపవలెను.

మా అభిప్రాయము అడిగినచో, పొట్టిముక్కు కింగ్ చార్లెస్ మన ప్రాంతమునకు తగదు. కుక్కకు మనవలె ఒంటినిండ చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటచేతనే దేహము చల్లబడును. ముక్కు అణగిన కుక్కకు గాలి పోవు మార్గమే ఇరుకు. రెంటచింతల వంటి చోట్ల వేసవిలో మనుష్యులే నీడకు పరుగెత్తుదురు. అక్కడ దానికి ప్రాణాపాయము. కవలియర్‌కు ముక్కు కొంత ఉన్నది గనుక కొంత నయము. అయినను వేసవిలో సూర్యోదయమునకు ముందే నడిపింపవలెను. బయటి సిమెంటు నేలపై మన అరచేయి కొన్ని క్షణములు ఆనించి చూచి, ఓర్వలేనిచో దానిని దింపరాదు. మూసిన కారులో అయిదు నిమిషములైనను విడువరాదు. ఊరికి పోవునప్పుడు పొరుగువారికి అప్పగింపవచ్చునని తలచువారు, ఆ పొరుగువారికి ఈ సంగతులన్నియు ముందే చెప్పవలెను.

స్వభావమునందు కవలియర్‌ను పొగడకుండ ఉండజాలము. బరువు 5 కిలోలు మొదలు 8 కిలోల వరకు ఉండును. పిల్లలతో ఆడును, ముసలివారి కాళ్లచెంత పండుకొనును, తోటి జంతువులతో పోట్లాడదు. దొంగ వచ్చినను తోకయాడించి ఎదురేగునట్టిది గనుక కావలికి మాత్రము పనికిరాదు. ఒంటరితనము దానికి సహింపదు. భార్యాభర్తలిద్దరును ఉద్యోగములకు పోయి, పిల్లలు బడికి పోయి, పగలంతయు తాళము పడు ఇంటికి దీనిని తెచ్చుట పాపము. అయిదేండ్ల లోపు పిల్లలు ఎత్తుకొని పరుగెత్తి జారవిడిచినచో ఎముక విరుగును. కావున పిల్ల నేలపై కూర్చున్నప్పుడే కుక్కను ఒడిలో పెట్టవలెను. చెవులు పొడవు గనుక అన్నములో పడును. లోతైన, మూతి ఇరుకైన గిన్నెలో పెట్టినచో చెవులు బయటనే ఉండును. చెవి లోపల తడి నిలిచినచో చీము పట్టును. స్నానమైన పిమ్మట తప్పక తుడువవలెను. రోజు విడిచి రోజు దువ్వెన వేయవలెను. మూడు నెలల వయస్సున రేబిస్ టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో మరల మరల వేయించుట మానరాదు.

తిండి విషయమున మన వంటయిండ్లకు ఒక హెచ్చరిక. ఈ జాతి తిండిపోతు. కన్నులతో యాచించుట దానికి పుట్టుకతో వచ్చిన విద్య. నాయనమ్మ ఒక ముద్ద, మనుమడు ఒక బిస్కత్తు పెట్టుచుండగా మూడు నెలలలో లావెక్కును. లావెక్కిన కుక్కకు గుండె మరింత శ్రమపడును. ఉల్లిపాయ వేసిన పులుసు, కూర కలిపిన అన్నము, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ — ఇవి కుక్కకు విషములు. మిగిలినదంతయు కుక్కకు పడవేయు అలవాటు వీధికుక్క విషయముననైనను మంచిది కాదు.

వీధికుక్క మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. మన వీధిలో పుట్టిన పిల్లకు రాజు పేరు లేదు, పటము లేదు, బహుమతి లేదు. కాని దాని ముక్కును ఎవరును దిద్దలేదు; దాని తల్లిదండ్రులకు ఎవరును మేనరికము కుదుర్చలేదు; ఎండను ఓర్చుకొనును. ఇంటికి తోడు కావలెను గాని వింత అక్కరలేదు అనువారు ముందు అటు చూచుట న్యాయము.

ఇదివరకే కవలియర్‌ను తెచ్చుకొన్నవారు భయపడి కూర్చుండనక్కరలేదు. చేయదగిన పని యున్నది. సంవత్సరమున కొకమారు వైద్యునిచే గుండె వినిపింపవలెను. ఇంటివద్ద కుక్క గాఢముగా నిద్రించునప్పుడు, దాని రొమ్ము లేచి పడుటను గడియారము పెట్టుకొని లెక్కింపవలెను. ఒకమారు లేచి పడినచో ఒక శ్వాస. నిమిషమునకు 30 లోపున ఉన్నచో మంచిది. రెండు మూడు రాత్రులు వరుసగా 30 దాటినచో వెంటనే వైద్యునివద్దకు పోవలెను. ఈ లెక్కను వంటయింటి క్యాలెండరుమీద పాల లెక్క ప్రక్కనే వ్రాసికొనవచ్చును. గుండె పెద్దదైనట్లు పరీక్షలో తేలిన కుక్కలకు పైమోబెండాన్ అను మందును ముందుగనే మొదలుపెట్టినచో, గుండె చాలక పోవు స్థితి రమారమి 15 నెలలు వెనుకకు జరుగునని 2016 లో ముగిసిన ఒక పెద్ద పరిశోధన చూపినది. పదియేండ్లు బ్రతుకు జంతువునకు 15 నెలలు తక్కువ కాలము కాదు. ఆ మందు వైద్యుని చీటీతో గాని వాడరాదు. మెడపట్టీకి బదులు రొమ్మున కట్టు పట్టీ వాడుట ఈ జాతికి అన్ని విధముల శ్రేయము.

ఇప్పుడు తేబోవువారికి ఇంకొక మార్గము కలదు. మంచి పెంపకగృహములవారు అయిదారేండ్లు నిండిన ఆడుకుక్కలను ఈనించుట మాని మంచి యిండ్లకు ఇచ్చుచుందురు. పిల్ల గుండె రేపు ఎట్లుండునో ఎవరును చెప్పజాలరు. ఆరేండ్ల కుక్క గుండె ఎట్లున్నదో వైద్యుడు ఒక్కమారు విని చెప్పగలడు. దానికి ఇంటి నడవడి తెలిసియుండును, చెప్పులు కొఱుకు వయస్సు దాటియుండును. పిల్లలు "చిన్నది కాదే!" అని మొదటి దినమున మొగము ముడుచుకొందురు. రెండవ దినమున అది వారి పుస్తకములమీద తల పెట్టుకొని నిద్రపోవును.